వార్‌గేమ్ నియమాల్లో వడిసెలకు విల్లు కంటే తక్కువ దూరం ఇవ్వడం సరైనదేనా?

"హెయిల్ సీజర్ నియమాలతో కార్తేజ్ సైన్యం కూర్చుకుంటున్నాను. అందులో వడిసెలకు 12 అంగుళాలు, విల్లుకు 18 అంగుళాలు ఇచ్చారు. ఇది చరిత్రకు తగినట్టే ఉందా? బాలియారిక్ వడిసెలవాళ్ల బొమ్మలు కొనాలా, ఆ డబ్బుతో విలుకాళ్లను కొనుక్కోవాలా?" అని ఒకరు అడిగారు. వార్‌గేమ్ అంటే చిన్న బొమ్మ సైన్యాలతో బల్ల మీద ఆడే యుద్ధం. హెయిల్ సీజర్ దానికి ఒక నియమాల పుస్తకం, అంగుళాలు బల్ల మీద కొలిచే దూరం. కార్తేజ్ ఉత్తర ఆఫ్రికాలోని ప్రాచీన రాజ్యం, బాలియారిక్ అంటే స్పెయిన్ పక్కనున్న ద్వీపాలు.

తగినట్టు లేదు. వడిసెలవాళ్లనే కొనండి. తొందరలో ఉన్నవారు ఇక్కడితో ఆపేయవచ్చు, మిగతాదంతా నా కడుపుమంట.

ఈ నియమాలు రాసేవారిలో ఎక్కువమంది జన్మలో వడిసెల చేతపట్టి ఉండరని నా గట్టి నమ్మకం. విల్లు పట్టి ఉంటారు. ఇంగ్లండులో ఏ మూలకు వెళ్లినా విలువిద్య క్లబ్బు ఒకటి కనిపిస్తుంది. వడిసెల క్లబ్బు నాకు ఇంతవరకు కనిపించలేదు. నేను పెరిగింది నంద్యాల వైపు నల్లరేగడి పొలాల్లో. జొన్న కంకి పాలుపట్టే రోజుల్లో పిల్లలను మంచె ఎక్కించి చిలుకలను తోలమనేవారు. గొర్రెలు మేపే తాత ఒకాయన గోగునారతో నాకు వడిసెల అల్లి ఇచ్చాడు. రెండు తాళ్లు, నడుమ రాయి కూర్చునే వెడల్పాటి అల్లిక, ఒక తాడు కొసన వేలికి తగిలించుకునే ఉచ్చు. రెండో తాడు కొసను వేళ్ల మధ్య నొక్కిపెట్టి, తిప్పి, సరైన క్షణంలో వదలాలి. వినడానికి ఇంతే. ఆ సరైన క్షణం ఏదో చేతికి తెలియడానికి నాకు రెండు పంటలు పట్టింది.

మధ్యలో ఒక ఫిర్యాదు. పట్నంలో ఎవరికి చెప్పినా "ఓ, రబ్బరు ఉండేలా?" అంటారు. కాదు. పంగలకర్రకు రబ్బరు కట్టి లాగే ఆట వస్తువు నిన్నగాక మొన్నటిది. వడిసెల ఈజిప్టు రాజు టుటన్‌ఖామున్ సమాధిలో, ఆయన విల్లులతో పాటే దొరికింది. రాజుగారు పైలోకానికి వెంట తీసుకుపోదగినదని అనుకున్న ఆయుధాన్ని పిట్టలు తోలే తాడు కింద లెక్కగట్టడం ఎంత అన్యాయమో మీరే చెప్పండి.

అసలు విషయానికి వస్తాను. ఉద్యోగం కోసం లీడ్స్ వచ్చాక ఇక్కడి ఒక వార్‌గేమ్ క్లబ్బులో చేరాను. ఒక శనివారం గ్రీకు సేనాని, రచయిత జెనొఫోన్ పర్షియా లోపలి నుంచి నడిపించిన పదివేలమంది గ్రీకుల తిరోగమనాన్ని, అంటే క్రీ.పూ. 401 నాటి కథను, బల్ల మీద ఆడాం. నా వాటాకు రోడ్స్ ద్వీపపు వడిసెలవాళ్లు వచ్చారు. ఎదుట పర్షియన్ విలుకాళ్లు. టేపు పెట్టి కొలిస్తే వాళ్ల బాణాలు నాకు అందుతున్నాయి, నా గుండ్లు వాళ్లకు అందడం లేదు. ఆట సగమైనా కాకముందే నా వాళ్లందరూ పెట్టెలోకి వెళ్లిపోయారు.

నాకు ఒళ్లు మండింది ఓడిపోయినందుకు కాదు. జెనొఫోన్ ఆ దళాన్ని తయారుచేసిందే సరిగ్గా ఆ పనికి! మిత్రదాతు అనే పర్షియన్ 200 మంది గుర్రపు రౌతులతో, 400 మంది విలుకాళ్లు, వడిసెలవాళ్లతో వచ్చి గ్రీకులను దూరం నుంచి కొట్టి వేధించాడు. గ్రీకుల పక్షాన ఉన్న క్రీటు విలుకాళ్ల బాణాలు పర్షియన్లదాకా వెళ్లలేదు, విసురు ఈటెలు అసలే వెళ్లలేదు. ఆ రాత్రి జెనొఫోన్ చెప్పిన ఉపాయం ఏమిటంటే, మనలో రోడ్స్ వాళ్లు ఉన్నారు, వాళ్లకు సీసపు గుండ్లు విసరడం తెలుసు, పర్షియన్లు పిడికిలంత పెద్ద రాళ్లు విసురుతారు కాబట్టి మనవాళ్ల దెబ్బ వాళ్లదానికి రెట్టింపు దూరం పోతుంది అని. 200 మంది పేర్లిచ్చారు. తరవాత పర్షియన్ సేనాని తిస్సాఫెర్నీస్ పెద్ద సైన్యంతో వచ్చినప్పుడు ఈ రోడ్స్ వాళ్లు పర్షియన్ వడిసెలలకే కాదు, వాళ్ల విలుకాళ్లలో చాలామందికి కూడా అందనంత దూరం కొట్టారు. తిస్సాఫెర్నీస్ గబగబా వెనక్కి జరిగాడు. దారిలోని పల్లెల్లో సీసం దొరికితే దాన్ని కూడా వడిసెలలకే వాడుకున్నారు. ఇదంతా ఆ యుద్ధంలో నడిచిన మనిషి రాసింది. అదే యుద్ధాన్ని బల్ల మీద పెట్టి, అదే దళాన్ని విలుకాళ్లంత దూరం కూడా కొట్టలేని అసమర్థులుగా చూపించే నియమాన్ని ఏమనాలి?

మా అంపైర్ విశ్రాంత చరిత్ర ఉపాధ్యాయుడు, చాలా మర్యాదస్తుడు. "జెనొఫోన్ తన మనుషుల గొప్ప తాను చెప్పుకున్నాడేమో" అన్నారు. అలాగైతే వచ్చేవారం నేనే చూపిస్తానని అందరిముందూ అనేశాను.

చూపించాను కూడా. క్లబ్బు సభ్యుడొకరి బావమరిదికి యార్క్‌షైర్ డేల్స్‌లో గొర్రెల ఫారం ఉంది. నవంబరు మొదటి ఆదివారం అక్కడ చేరాం. సన్నగా తుంపర, ఎముకలు కొరికే గాలి. రైతు మొదటే షరతు పెట్టాడు: "నా గడ్డిలో సీసం పడకూడదు. గొర్రెలు తింటాయి." అందుకని నేను బంకమట్టితో ఖర్జూరకాయ ఆకారంలో ఉండలు చేసి, కుండలు కాల్చే ఆవిడ ఒకరి బట్టీలో కాల్పించి తీసుకెళ్లాను. వీటికి తోడు వాగులో ఏరిన నున్నటి గులకరాళ్లు. విల్లు పక్షాన మా క్లబ్బులోనే ఒక పెద్దమనిషి ఉన్నారు. గుర్రపు రౌతుల తరహా వంకర విల్లు, చేతితో ఈకలు కట్టుకున్న బాణాలు, తోలు తొడుగులు. చూడముచ్చటగా ఉన్నారు. నేను వానకోటులో, మెడకు మఫ్లరుతో, చేతిలో గొర్రెల తాత నేర్పిన పద్ధతిలో నేనే అల్లుకున్న తాడుతో.

మొదట దూరం. ఆయన బాణాలు అందంగా లేచి పొలం చివరి రాతిగోడకు ఇవతల దిగాయి. నా గులకరాళ్లు కాస్త అటూ ఇటూగా బాణాల దగ్గరే పడ్డాయి. కాల్చిన మట్టి ఉండలు మాత్రం గోడ దాటి పోయాయి. అవి ఎక్కడ పడ్డాయో చూసి రావడానికి రైతు కుక్క తప్ప ఎవరూ వెళ్లలేదు. మట్టే ఇంత దూరం పోతే, అదే సైజులో ఎన్నో రెట్లు బరువైన సీసం గాలిని ఎలా చీల్చుకుని పోతుందో లెక్కవేసుకోండి. తెలివి ఉన్న చెయ్యి, సరైన తాడు ఉంటే ఎంత దూరం పోతుందో చెప్పడానికి 1981లో అమెరికాలోని యూటాలో నమోదైన రికార్డు ఒకటి చాలు: 52 గ్రాముల రాయి, 437 మీటర్లు.

తరవాత గురి. నల్ల ప్లాస్టిక్ చుట్టిన గడ్డిమోపు మీద ఆయన బాణాలు వరసగా దిగబడ్డాయి. నా రాళ్లు మోపుకు తగిలాయి, మోపు మీద పెట్టిన బకెట్టుకు తగలలేదు. ఇందులో ఆయనదే పైచేయి, ఒప్పుకుంటాను. కానీ యుద్ధంలో ఎదుటివాడు బకెట్టంత ఒక్కడై నిలబడడు. పర్షియన్లు ఎంత గుంపుగా ఉన్నారంటే గురి తప్పాలన్నా తప్పేది కాదని జెనొఫోనే రాశాడు. అయినా నావి పిట్టలు తోలిన చేతులు. క్రీ.పూ. 189లో కెఫలేనియా ద్వీపంలోని సమే పట్టణం ముట్టడికి రోమన్లు గ్రీసులోని అకాయా నుంచి వందమంది వడిసెలవాళ్లను పిలిపించుకున్నారు. వాళ్లు చిన్న వలయాల గుండా గుండు దూర్చేవారని, శత్రువు ముఖంలో ఏ చోట కొట్టాలనుకుంటే అక్కడ కొట్టేవారని రోమన్ చరిత్రకారుడు లివీ రాశాడు.

ఇక మూడోది, అందరూ ఎదురుచూసింది. అంపైర్ గారు ఇంట్లోంచి ఇనుప రింగుల కవచం తెచ్చారు. హాలోవీన్ అయిపోయాక దుకాణాల్లో అగ్గువకు అమ్మే గుమ్మడికాయ ఒకటి కొని దానికి ఆ కవచం తొడిగి గోడ మీద పెట్టాం. ఇరవై అడుగుల లోపు నుంచి కొట్టాను. ధడ్ మని శబ్దం వచ్చింది. కాయ కదిలింది, పడలేదు. దగ్గరికి వెళ్లి చూస్తే కవచంలో ఒక్క రింగు కూడా తెగలేదు. విల్లు పెద్దమనిషి ముఖం వికసించింది. కవచం విప్పారు. లోపల గుమ్మడికాయ నిలువునా పగిలి గింజలు బయటికి వచ్చి ఉన్నాయి. కాసేపు ఎవరూ ఏమీ అనలేదు, రైతు తప్ప. ఆయన "దీన్ని గొర్రెలకు వేయవచ్చా?" అని అడిగాడు.

రోమన్ రచయిత వెజీషియస్ చెప్పింది ఇదే. తోలు, ఇనుప కవచాలు తొడిగిన సైనికుడికి వడిసెల రాయి బాణం కంటే ప్రమాదకరమని, ఒంటి మీద గాయం కనిపించకుండా, నెత్తురు చుక్క రాకుండా ప్రాణం తీస్తుందని. కవచం లేనివాడి సంగతి వేరే చెప్పాలా? రోమన్ వైద్యం మీద రాసిన సెల్సస్ శరీరంలో దిగబడిన బాణాలను తీయడంతో పాటు సీసపు గుండ్లను తీయడం గురించి కూడా రాశాడు. చర్మం కింద ఇరుక్కునేంత వేగంతో వచ్చిన వస్తువది. కార్తేజ్ సేనాపతి హన్నిబాల్‌తో జరిగిన కన్నే యుద్ధంలో, క్రీ.పూ. 216లో, రోమన్ కాన్సల్, అంటే రోమ్ అత్యున్నత అధికారి, ఎమీలియస్ పౌలస్ పోరు మొదలైన కొద్దిసేపటికే వడిసెల దెబ్బకు తీవ్రంగా గాయపడ్డాడు. కాన్సల్ అంటే కవచం లేని కూలి సైనికుడు కాదు కదా! మరి నేను చూసిన నియమాల పుస్తకాలకు కవచం ఉన్నవాడి మీద వడిసెలకు అదనపు బలం ఇవ్వడానికి చేతులు రావు. డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే పాత్రల ఆట అయితే మరీ ఘోరం, వడిసెల దెబ్బకు నాలుగు ముఖాల పాచిక విదిలించి ఊరుకుంటుంది.

ఆ పొలంలో ఇంకొకటి కూడా జరిగింది. నా దృష్టిలో నియమాలు రాసేవారు చూడవలసింది అదే. గుమ్మడికాయ చూశాక అందరికీ ఉత్సాహం వచ్చింది, మాకూ ఇవ్వండి అన్నారు. ఇచ్చాను. ఒకరి రాయి నిట్టనిలువుగా పైకి లేచింది, అందరం తలలు పట్టుకుని పరిగెత్తాం. ఇంకొకరి రాయి కాళ్ల దగ్గరే పడింది. మూడో ఆయన బలశాలి, ఆవేశంగా తిప్పి వదిలితే అది ముందుకు పోవలసింది వెనక్కి పోయి అంపైర్ గారి కారు తలుపుకు సొట్ట పెట్టింది. అదే మనుషులు విల్లు పట్టుకుంటే టీ చల్లారేలోపు గడ్డిమోపును కొట్టగలిగారు. అప్పుడు అంపైర్ గారు సొట్టను నిమురుతూ, "ఈ ఆయుధానికి దూరం తగ్గించకూడదు, దీన్ని పట్టుకునేవాళ్ల సంఖ్య తగ్గించాలి" అన్నారు. కారు పోతే పోయింది, ఆ ఒక్క మాటతో నా వారం సార్థకమైంది.

అసలు లోపం అక్కడుంది. వడిసెల బలహీనత దూరం కాదు, బలం కాదు. ఒకటి, చిన్నప్పటి నుంచి పట్టకపోతే రాదు. బాలియారిక్ ద్వీపాల్లో తల్లులు రొట్టెను గురిగా పెట్టి, దాన్ని కొట్టేదాకా పిల్లలకు తినడానికి ఇచ్చేవారు కాదని ప్రాచీనులు రాశారు. అందుకే రోడ్స్, అకాయా, బాలియారిక్ ద్వీపాలు అంటూ కొన్ని చోట్ల నుంచే పేరున్న వడిసెలవాళ్లు వచ్చారు, విలుకాళ్లు మాత్రం ఎక్కడపడితే అక్కడ దొరికారు. రెండు, చోటు కావాలి. చేతిని చుట్టూ తిప్పాలంటే పక్కవాడు దూరంగా నిలబడాలి. విలుకాళ్లను భుజం భుజం కలిపి నాలుగు వరసలు పేర్చవచ్చు, వీళ్లను పేర్చితే ఎవరి తల ఎవరు పగలగొడతారో తెలియదు. చెట్ల మధ్యన అయితే పనికే రారు. మంచె మీద కూడా గుంజ అడ్డం వచ్చేది, మూలకు జరిగి కొట్టేవాడిని.

నియమాలు ఏం చేస్తాయంటే, ఈ రెండింటినీ గాలికి వదిలేసి దూరాన్ని కోస్తాయి. లేదా డీబీఏ అనే ఇంకో నియమాల పుస్తకం చేసినట్టు విసురు ఈటెలవాళ్లను, వడిసెలవాళ్లను, చెదురుగా తిరిగే విలుకాళ్లను కలిపి సైలోయ్ అనే ఒకే మూటలో కట్టేస్తాయి. ఆ మూటలో ఉన్నవాళ్లు దూరం నుంచి అసలు కొట్టరు. ఎదుటివాడిని ఆనుకున్నాకే పాచిక వేయాలి. వాళ్ల విసుర్లన్నీ అందులోనే కలిసిపోయాయట! దాన్ని రాసిన ఫిల్ బార్కర్, ఆయన సహచరులు పక్షానికి పన్నెండు ముక్కలతో గంటలో ముగిసే ఆట కోసం అలా కుదించారు, సరే. ఆట వేగంగా నడుస్తుంది, అది కూడా సరే. కానీ ఆ మూట చూసి వడిసెల అంటే ఇంతేనని నమ్మే కుర్రాళ్లను చూస్తే నాకు జాలి వేస్తుంది.

నేను ఎవరితోనైనా వాదించేటప్పుడు లండన్ వెళ్లమంటాను. బ్రిటిష్ మ్యూజియంలో అసీరియన్లు క్రీ.పూ. 701లో లాకీష్ పట్టణాన్ని ముట్టడించిన దృశ్యాలు రాతి పలకల మీద ఉన్నాయి. అందులో వడిసెలవాళ్లు ఎక్కడ నిలబడ్డారో చూడండి: విలుకాళ్ల వెనక. తక్కువ దూరం పోయే ఆయుధాన్ని ఏ సేనాపతి అయినా వెనక నిలబెడతాడా? "గోడ మీదుగా ఎత్తుకు విసరడానికేమో" అని ఒకరు అడిగారు. ఎత్తుకు విసరాలన్నా ముందు అక్కడిదాకా పోవాలి కదా అన్నాను, ఆయన టీ తాగడానికి వెళ్లిపోయారు.

ఇంకో సంగతి, దీన్ని ఏ నియమాల్లోనూ చూడలేదు. స్కాట్లండ్‌లోని బర్న్స్‌వార్క్ కొండ మీద రోమన్ల సీసపు గుండ్లు వందల్లో దొరికాయి. వాటిలో చిన్నవాటికి కొన్నింటికి బెజ్జం వేసి ఉంది. అలాంటివి తయారుచేసి విసిరి చూస్తే గాలిలో ఈల వేస్తూ పోయాయి. పైనుంచి కనపడని ఈల వస్తుంటే కొండ మీదివాడి గుండె ఎలా ఉంటుంది? బాణం వస్తుంటే కనీసం కనిపిస్తుంది. మా ఊరి చేలో రాయి తగలకపోయినా, వడిసెల కొస చెళ్లుమన్న చప్పుడుకే చిలుకల గుంపు మొత్తం లేచిపోయేది. మనుషులకు చిలుకలకంటే ధైర్యం ఎక్కువని నేను అనుకోను. క్రీ.పూ. 54లో గాల్ దేశపు నెర్వీ తెగవారు ఎర్రగా కాల్చిన మట్టి ఉండలను వడిసెలలతో విసిరి రోమన్ శిబిరంలోని గడ్డి కప్పులను అంటించారని రోమన్ సేనాని సీజర్ రాశాడు. దీనికి కూడా పాచిక లేదు.

ఇప్పుడు మేం ఆడే పద్ధతి చెబుతాను, కావాలంటే మీరూ వాడుకోండి. రోడ్స్, బాలియారిక్, అకాయా వడిసెలవాళ్లకు విల్లుతో సమానంగా 18 అంగుళాలు. మిగతా వడిసెలవాళ్లకు, అంటే పిడికిలంత పెద్ద రాళ్లు విసిరే పర్షియన్ బాపతువాళ్లకు, పుస్తకంలోని 12 అంగుళాలే. కవచం మీద ఎదుటివాడి రక్షణ పాచికకు ఒక మెట్టు తగ్గింపు. బదులుగా వీళ్లు ఎప్పుడూ చెదురుగానే నిలబడాలి, అడవిలో ఉంటే విసరకూడదు, ఒక సైన్యానికి రెండు దళాలకు మించి ఉండకూడదు. విల్లు పెద్దమనిషి ఇప్పటికీ 18 కాదు 15 అంటున్నారు. ఒక్క మనిషి ఒక్క పొలంలో విసిరింది రుజువు కాదట. గోడ దాటింది ఆయన కళ్లముందే. అంతకంటే ఏం రుజువు కావాలో నాకు అర్థం కాదు.

మీ కొనుగోలు సంగతి. ఇటలీలో హన్నిబాల్ సైన్యం కడుతున్నవారు విలుకాళ్లను కొనడం డబ్బు దండగ. కన్నే ఏడాది విలుకాళ్లు కనిపించేది రోమ్ పక్షాన, సిరక్యూస్ రాజు హీరో పంపిన వెయ్యిమంది విలుకాళ్లు, వడిసెలవాళ్లలో. హన్నిబాల్ మాత్రం బాలియారిక్ వాళ్లను ఎంత విలువగా చూశాడంటే, బయలుదేరే ముందు 870 మందిని ఆఫ్రికా కాపలాకు పంపాడు, 500 మందిని స్పెయిన్‌లో తమ్ముడు హస్ద్రుబాల్ దగ్గర ఉంచాడు. ఈ లెక్క హన్నిబాలే కంచు రేకు మీద చెక్కించాడు, దాన్ని చూసి గ్రీకు చరిత్రకారుడు పొలీబియస్ రాసుకున్నాడు. క్రీ.పూ. 206లో కార్తేజ్ నౌకలే పెద్ద ద్వీపానికి వస్తే ఆ ద్వీపవాసులు రాళ్లవానతో దగ్గరికి రానివ్వలేదు. క్రీ.పూ. 123లో అదే ద్వీపాల మీదికి వెళ్లిన రోమన్ సేనాని మెటెల్లస్ ఓడల మీద తోళ్లు పరిపించుకుని మరీ వెళ్లాడు. 12 అంగుళాల ఆయుధానికి ఎవరూ అంత భయపడరు.

కొనేటప్పుడు మాత్రం జాగ్రత్త. వడిసెలను తల మీద గిరగిరా తిప్పుతున్న భంగిమలో ఉన్న బొమ్మలు వద్దు. తల చుట్టూ ఒక్కసారే తిప్పి వదలాలని వెజీషియసే చెప్పాడు. పైగా ఆ సన్నటి లోహపు తాడు రెండో ఆటకే విరుగుతుంది, అతికించినా నిలవదు. చెయ్యి వెనక్కి చాచి తాడు కిందికి వేలాడుతున్న భంగిమ తీసుకోండి. బాలియారిక్ వాళ్లు మూడు వడిసెలలు పెట్టుకునేవారు: ఒకటి తలకు, ఒకటి నడుముకు, ఒకటి చేతిలో. నేను కొన్నవాటిలో తలది ఉంటే నడుముది ఉండదు. లేకపోతే సన్నటి కుట్టుదారం చుట్టి జిగురుతో అతికించండి, రంగు మాత్రం ఆ తరవాతే వేయండి, ముందే వేస్తే జిగురు పట్టదు.